ఆమె ఒంటి కొలతలకు కుట్టిన పాత్రలు

అనిత అనే పాత్రకు రెండు ఆస్కార్లు వచ్చాయి. మొదటిది 1961 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమాకు రీటా మొరేనో అందుకుంది. రెండోది అదే కథను 2021లో మళ్ళీ తీసినప్పుడు అరియానా డిబోస్‌కు దక్కింది. వెల్మా కెల్లీ అనే ఇంకో పాత్రకు 2002 నాటి 'షికాగో' సినిమాలో కేథరిన్ జీటా జోన్స్ ఒకటి గెలుచుకుంది. ఈ రెండు పాత్రలూ సినిమా కోసం పుట్టినవి కావు. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలల చోటైన బ్రాడ్వే నాటకాల్లో పుట్టి, తర్వాత తెరకెక్కాయి. నాటకంలో ఈ ఇద్దరినీ మొట్టమొదట ఆడి, పాడి, ఈ మనిషి ఇలా నడుస్తుంది, ఇలా తల తిప్పుతుంది అని తేల్చిపెట్టింది ఒక్కరే. ఆమె పేరు చీటా రివేరా. మూడు ఆస్కార్లలో ఒక్కటీ ఆమె ఇంటికి రాలేదు.

అలాగని అయ్యోపాపం అనుకోవలసిన జీవితం కాదది. బ్రాడ్వేలో అరవై ఏళ్ళకు పైగా నిలబడింది. నాటకరంగంలో ఆస్కార్ లాంటి టోనీ అవార్డుకు 10 సార్లు నామినేట్ అయి రెండుసార్లు గెలిచింది. 82 ఏళ్ళ వయసులో కొత్త నాటకంలో ప్రధాన పాత్ర వేసింది. 91వ పుట్టినరోజు వెళ్ళిన వారానికి, 2024 జనవరి 30న చనిపోయింది. ఇంత సాధించిన మనిషి పేరు విశాఖపట్నంలో డాన్సు క్లాసులు నడిపేవాళ్ళలో కూడా చాలామంది విని ఉండరు. ఆమె పాత్రలు సినిమాలుగా ఇక్కడి ఫోన్లలోకి వచ్చాయి, ఆమె రాలేదు. ఎందుకు రాలేదో చూస్తే, రంగస్థలం మీద నాట్యం చేసేవాళ్ళు అసలు ఏం తయారు చేస్తారు, అది చివరికి ఎవరి దగ్గర ఉంటుంది అన్న లెక్క కూడా కొంత తేలుతుంది.

ఆమె ఆడినవి మ్యూజికల్ అనే తరహా నాటకాలు, ముందు అదేమిటో చెప్పుకోవాలి. మన పద్యనాటకంలో రాగం అందుకోగానే కథ కాసేపు ఆగుతుంది. జనం వన్స్ మోర్ అంటే ఇంకాసేపు ఆగుతుంది, రాయబారానికి వచ్చిన కృష్ణుడు కూడా తొందరపడడు. మ్యూజికల్‌లో అలా కుదరదు. పాట మొదలైనప్పుడు ఒక మనఃస్థితిలో ఉన్న పాత్ర, అది పూర్తయ్యేసరికి ఇంకో చోటికి చేరాలి. నాట్యం కూడా కథను మోయాలి. మనవాటిలో దీనికి దగ్గర చుట్టం యక్షగానం. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడే తూర్పు భాగవతంలో సత్యభామ ప్రవేశ దరువు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పాత్ర వస్తూనే తానెవరో, తన గర్వమెంతో తానే పాడుకుంటూ, మద్దెల మీద అడుగు తప్పకుండా ఆడుతుంది. దరువు ముగిసేలోపు ఆ మనిషి ఎలాంటిదో ఊరికంతటికీ తెలిసిపోతుంది.

అలా పాడుతూ ఆడటానికి కావలసిన దమ్ము మామూలుది కాదు. విశాఖ చుట్టుపక్కల తప్పెటగుళ్ళు చూసి ఉంటే ఆ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. గుండెల మీద రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, రెండు చేతులా వాయింపు, నోట పాట, పైన గెంతులు, అన్నీ ఒకేసారి, ఒకే మనిషి. అదే ఊపిరిని బ్రాడ్వే వారానికి ఎనిమిది ఆటల చొప్పున అడుగుతుంది. నగరంలో మాత్రం మన దగ్గర ఈ మూడు విద్యలూ మూడు వీధుల్లోకి పోయాయి. పాటకు ఒక మాస్టారు, డాన్సుకు ఇంకో టీచరు, నటన నేర్చుకోవాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం. కూచిపూడి ప్రదర్శనలో పెదవులు నర్తకివి, గొంతు పక్కన కూర్చున్న గాయకుడిది. ఈమధ్య ఆ గాయకుడు కూడా పెన్ డ్రైవ్‌లోకి వెళ్ళిపోతున్నాడు. ఖర్చు అలాంటిది మరి, ఎవరినీ అనడానికి లేదు.

చీటా రివేరా అసలు పేరు డొలోరెస్ కొంచితా ఫిగెరోవా డెల్ రివేరో. 1933 జనవరి 23న వాషింగ్టన్‌లో పుట్టింది. తండ్రిది ప్యూర్టో రికో మూలం. అమెరికా నేవీ బ్యాండులో క్లారినెట్, శాక్సోఫోన్ వాయించేవాడు. ఈ ఒక్క వివరం దగ్గర విశాఖ పాఠకుడికి ఆమె హఠాత్తుగా పక్కింటి పిల్ల అయిపోతుంది. తూర్పు నౌకాదళం ఊరిది. నేవీ విన్యాసాలంటే ఆర్కే బీచ్‌కు ఊరంతా కదులుతుంది. 2016లో అంతర్జాతీయ నౌకా ప్రదర్శన జరిగినప్పుడు దేశదేశాల నావికులను బీచ్ రోడ్డు మీద చూసిన జనం ఇది. తెల్ల యూనిఫాంలో క్లారినెట్ పట్టుకున్న నాన్న ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఆ నాన్న ఆమెకు ఏడేళ్ళప్పుడు పోయాడు. తల్లి ప్రభుత్వ ఉద్యోగంలో చేరి పిల్లలను పెంచింది.

ఇంట్లో కుదురుగా ఉండక గెంతి గెంతి టీపాయి విరగ్గొట్టిందని, ఆ అల్లరికి ఒక దారి చూపాలని తల్లి బ్యాలే స్కూల్లో వేసింది. అల్లరి పిల్లను డాన్సులో, నోరు మెదపని పిల్లను సంగీతంలో వేయడం అమ్మలందరికీ తెలిసిన వైద్యమే. ఈ స్కూలు మాత్రం మామూలుది కాదు. డోరిస్ జోన్స్, క్లేర్ హేవుడ్ అనే ఇద్దరు నల్లజాతి మహిళలు 1941లో పెట్టిన బడి అది. తెల్లజాతివారి బ్యాలే స్కూళ్ళు నల్లపిల్లలను చేర్చుకోని రోజులు. అలాంటి బడిలో నేర్పే పద్ధతికి ఒక పట్టుదల ఉంటుంది. బయటికి వెళితే ఈ పిల్లలకు వంక పెట్టడానికి జనం కాచుకుని ఉంటారని టీచర్లకు తెలుసు కాబట్టి, వంక దొరక్కుండా తయారు చేస్తారు. రివేరా ముప్పై ఏళ్ళ తర్వాత కూడా గీత గీసినట్టు నిలబడేదంటే ఆ పునాది వల్లే.

పదిహేను, పదహారేళ్ళ వయసులో న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలేకు పరీక్ష ఇచ్చింది. బ్యాలే గురువుల్లో గురువు జార్జ్ బాలన్‌షీన్ నడిపిన బడి. ఆడుతుండగా కాలి బొబ్బ పగిలి రక్తం కారిందని, ఆయనే కూర్చోబెట్టి కట్టు కట్టాడని ఆమె తర్వాత చెప్పుకునేది. స్కాలర్‌షిప్ వచ్చింది. దారి అలాగే సాగి ఉంటే ఏదో బ్యాలే కంపెనీలో చేరి, ముప్పై అయిదేళ్ళకు రిటైరై, పిల్లలకు పాఠాలు చెప్పుకునేది. ఇరవై నిండకముందే ఒక స్నేహితురాలికి తోడుగా ఒక మ్యూజికల్ ఆడిషన్‌కు వెళ్ళింది. ఊళ్ళు తిరిగే బృందం కోసం డాన్సర్లను తీసుకుంటున్నారు. తోడు వెళ్ళిన పిల్లకే ఉద్యోగం వచ్చింది. తర్వాత కొన్నేళ్ళు వెనక వరుసలో ఆడింది, ఒకరి పాత్రకు ఇంకొకరుగా సిద్ధంగా ఉంది. మన సినిమా భాషలో సైడ్ డాన్సర్.

1957 సెప్టెంబర్ 26న 'వెస్ట్ సైడ్ స్టోరీ' మొదలైంది. న్యూయార్క్ వీధుల్లో తెల్లకుర్రాళ్ళ ముఠాకు, ప్యూర్టో రికో నుంచి వచ్చిన కుర్రాళ్ళ ముఠాకు మధ్య పగ. ఆ పగలో ఒక ప్రేమజంట. సంగీతం లెనార్డ్ బెర్న్‌స్టీన్, పాటలు స్టీఫెన్ సోండ్‌హైమ్, మాటలు ఆర్థర్ లారెంట్స్. నడిపించింది జెరోమ్ రాబిన్స్. రాబిన్స్ ఎనిమిది వారాల రిహార్సల్ అడిగి తీసుకున్నాడు. అప్పటి వాడుకకు అది దాదాపు రెట్టింపు. రెండు ముఠాల నటులను రిహార్సల్స్‌లో ఒకరితో ఒకరు కలవనివ్వలేదు. ఆ ద్వేషం ఒంట్లోకి ఎక్కాలని ఆయన పట్టు. మనుషులను ఏడిపించి పని చేయించుకునేవాడని ఆయనకు పేరుంది. అలాంటి పద్ధతిని మెచ్చుకోనక్కర్లేదు గానీ ఆ వారాల్లో జరిగిన పని మాత్రం చూడదగ్గది.

కథానాయిక అన్నకు ప్రియురాలు అనిత. మొదటి అంకంలో 'అమెరికా' అనే పాటలో ఆ దేశాన్ని, సొంత ఊరిని కలిపి వేళాకోళం చేస్తూ నవ్విస్తుంది. రెండో అంకానికి ఆమె ప్రియుడు హత్యకు గురవుతాడు. ఆ చంపినవాడికే కబురు మోసుకుని శత్రువుల అడ్డాకు వెళుతుంది. అక్కడ కుర్రాళ్ళు ఆమెను చుట్టుముట్టి అవమానిస్తారు. కోపంతో ఆమె చెప్పిన ఒక్క అబద్ధం కథను చావు దాకా తీసుకెళుతుంది. ఆ అవమానం సన్నివేశం కూడా సంగీతం మీదే నడుస్తుంది, అదీ నాట్యమే. అంటే ఒకే నటి హాస్యం, రోషం, దుఃఖం, భయం అన్నీ చూపించాలి, పాడాలి, ఆడాలి. అంతకుముందు బ్రాడ్వే నాటకాల్లో ఎక్కువగా పాడేవాళ్ళు ముందు నిలబడేవారు, ఆడేవాళ్ళు వెనక వరుసలో ఉండేవారు. అనితతో వెనక వరుస మనిషి ముందుకొచ్చింది. రివేరా జీవితంలో అసలైన మలుపు అదే. ఆమె గొంతు గొప్ప గాయని గొంతు కాదు, కాస్త గరుకు. ఆ గరుకే పాత్ర స్వభావం అయింది.

ఆ 'అమెరికా' పాట తాళం గురించి ఒక మాట. సంగీతం నేర్చుకునే పిల్లలకు సరదాగా ఉంటుంది. ఆరు అక్షరాల గతి. ఒక ఆవృత్తం మూడేసి చొప్పున, దాని వెనకే ఇంకో ఆవృత్తం రెండేసి చొప్పున విరుగుతుంది. తకిట తకిట, తక తక తక. మళ్ళీ తకిట తకిట, తక తక తక. నోటితో పదిసార్లు అని చూస్తే నడుము దానంతటదే కదులుతుంది. ప్యూర్టో రికో ముఠా నాట్యాల్లో చాలావరకు పీటర్ జెన్నారో కూర్చాడు. ఆ విరుపు మీద పావడా కుచ్చిళ్ళు విసరడం, మడమ కొట్టడం, రెండో విరుపుకి తల చటుక్కున తిప్పడం, ఇవన్నీ కాగితం మీద ముందే రాసుకొచ్చినవి కావు. ఎదురుగా ఉన్న మనిషి ఏం చేయగలదో చూసి, చేయించి, బాగున్నది ఉంచి, కూర్చుకుంటూ పోయినవి. దర్జీ ఒంటిమీద గుడ్డ పెట్టి గుండుసూదులు గుచ్చినట్టు. కొలతలు ఆమెవి. తర్వాత ఆ చొక్కా ఎంతమంది తొడుక్కున్నా భుజాల దగ్గర కుట్టు ఆమె భుజాలనే గుర్తుచేస్తుంది.

కూచిపూడితో పోలిస్తే ఇక్కడ ఒక తేడా ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూసినవారు తర్వాత వచ్చిన ప్రతి సత్యభామనూ ఆయనతో పోల్చి చూశారు. కానీ ఆయనకు ముందు కూడా సత్యభామ ఉంది. సిద్ధేంద్రయోగి నుంచి తరతరాలుగా వచ్చిన వేషాన్ని ఆయన శిఖరానికి తీసుకెళ్ళాడు. 1957కు ముందు అనిత అంటూ ఎవరూ లేరు. వేషం లేని చోట వేషం పుట్టించడం వేరే రకం పని. అది ఇంకా కష్టమా అంటే చెప్పలేం. పేరు దక్కడం మాత్రం కష్టం. ఎందుకంటే పాత్ర నిలదొక్కుకున్నాక అది మొదటినుంచీ అలాగే ఉన్నట్టు కనిపిస్తుంది.

1958లో అదే నాటకం లండన్ వెళ్ళవలసి వచ్చినప్పుడు రివేరా గర్భవతి. నాటకంలోనే ఆడే టోనీ మోర్డెంటేను పెళ్ళి చేసుకుంది. ఆమె కాన్పు అయ్యేదాకా నిర్మాతలు లండన్ ప్రదర్శనను వాయిదా వేసుకున్నారు. కూతురు పుట్టాక, ఆ ఏడాది డిసెంబర్‌లో లండన్‌లో ఆట మొదలైంది. డబ్బు పెట్టినవాళ్ళు ఒక సైడ్ డాన్సర్‌గా మొదలైన మనిషి కోసం అన్ని నెలలు ఆగారంటే, ఆ పాత్రకూ ఆ ఒంటికీ ఉన్న సంబంధం వాళ్ళకు బాగా తెలుసన్నమాట. విచిత్రమేమిటంటే, ఆ నాటకానికి ఆమెకు టోనీ నామినేషన్ కూడా రాలేదు.

సినిమా వచ్చేసరికి లెక్కలు వేరు. 'వెస్ట్ సైడ్ స్టోరీ' షూటింగ్ జరుగుతున్న 1960లో ఆమె 'బై బై బర్డీ' అనే మ్యూజికల్‌లో రోజూ ఆడుతోంది. ఆ నాటకంలో ఆమె పాత్ర రోజీ. ముందు అనుకున్న పాత్ర ఇంటిపేరు గ్రాంట్. రివేరాను తీసుకున్నాక ఆల్వారెజ్ అని మార్చి, ఆమె మూలాలకు తగ్గట్టు పాత్రను స్పానిష్ పిల్లగా తిరగరాశారు. ఒంటి కొలతలే కాదు, ఇంటిపేరు కూడా ఆమెను బట్టి కుదిరిందన్నమాట. 1963లో ఆ నాటకాన్ని సినిమాగా తీసినప్పుడు రోజీగా జానెట్ లీ వేసింది. ఆమె అప్పటికే పెద్ద సినిమా తార. పోస్టర్ మీద ముఖం చూసి టికెట్ కొనే వ్యాపారంలో రంగస్థలం పేరు చెల్లదు. తెలుగువారికి ఇది కొత్త పాఠమేమీ కాదు. నాటకాల్లో ఊళ్ళను ఊపేసినవాళ్ళు ఎందరో సినిమాకొచ్చేసరికి నాలుగు సీన్ల తండ్రి వేషాలతో సరిపెట్టుకున్నారు.

సినిమాలు పోతే పోయాయి, ఆ నాటకాలైనా కెమెరాకు చిక్కాయా అంటే, 1957 నాటి ప్రదర్శన మొత్తం ఎక్కడా చిత్రీకరించి లేదు. పాటల రికార్డు ఉంది. గొంతు మిగిలింది, ఒళ్ళు మిగలలేదు. టీవీ కార్యక్రమాల కోసం తీసిన ముక్కలు కొన్ని దొరుకుతాయి. బ్రాడ్వే నాటకాలను భద్రపరచడానికి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1970లో ఒక విభాగం పెట్టింది గానీ, అక్కడ తీసినవి ఆ భవనంలో కూర్చునే చూడాలి. బయట అమ్మరు, ఇంటర్నెట్‌లో పెట్టరు. కళాకారుల సంఘాల ఒప్పందాలు అలా ఉంటాయి. ఇటు చూస్తే, విశాఖలో కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో పన్నెండేళ్ళ పిల్ల రంగప్రవేశం చేస్తే మూడు కెమెరాలు, లైవ్ స్ట్రీమింగు, ఆల్బమ్ డిజైనరు. ఆడిటోరియం లోపల డ్రోను ఎగరనివ్వరు కాబట్టి అదొక్కటే తక్కువ. చుట్టాల పిల్ల మొదటి ప్రదర్శన ప్రతి అడవుతో సహా దాచబడి ఉంది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప రంగస్థల నర్తకి మొదటి గొప్ప ప్రదర్శన లేదు.

మరి ఆ నాట్యం ఇన్నేళ్ళు ఎలా బతికింది? మనుషుల ద్వారా. బ్రాడ్వేలో ప్రతి నాటకానికి ఒక డాన్స్ కెప్టెన్ ఉంటారు. నాట్యం కూర్చినవాళ్ళు వెళ్ళిపోయాక అడుగులు చెదరకుండా కాపాడటం, కొత్తగా చేరినవారికి నేర్పడం వాళ్ళ పని. ఒక అనిత ఇంకో అనితకు, ఆమె మరొకరికి. మన గురుశిష్య పద్ధతే గానీ జీతం, ఒప్పందం ఉన్న పద్ధతి. ఈ బదిలీలో నాట్యం కూర్చినవారికి హక్కు ఉంటుంది, సంగీతం రాసినవారికి ఉంటుంది. ఎవరి ఒంటిమీద కొలతలు తీశారో వాళ్ళకు మాత్రం అప్పట్లో ఏమీ ఉండేది కాదు.

1975లో ఈ విషయమే ఇంకో రూపంలో పైకొచ్చింది. ఆ ఏడాది జూన్ 3న 'షికాగో' మొదలైంది. బాబ్ ఫాసీ దర్శకత్వం. హత్య చేసి జైలుకెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళు పేపర్లలో పేరు కోసం పోటీపడే కథ. రాక్సీగా ఫాసీ భార్య గ్వెన్ వెర్డన్, వెల్మాగా రివేరా. వెర్డన్‌కు 50 ఏళ్ళు, రివేరాకు 42. ఇద్దరు నర్తకుల మీద, ఆ వయసులో, ఒక భారీ నాటకం. మన ఊళ్ళో పదో తరగతి రాగానే సగం బ్యాచ్, ఇంటర్‌కు మిగతా సగం గజ్జెలు విప్పేస్తారు. ఆ లెక్కన చూస్తే ఆ ఇద్దరి వయసు వింతగానే అనిపిస్తుంది.

ఫాసీ పద్ధతి రాబిన్స్‌కు పూర్తి విరుద్ధం. గెంతులు తక్కువ. మోకాళ్ళు లోపలికి, భుజం ఒకటి పైకి, మణికట్టు విరుపు, టోపీ అంచు మీద రెండు వేళ్ళు. ఫాసీ శైలి మైకేల్ జాక్సన్ మీద పనిచేసిందని నాట్యం తెలిసినవారు చాలామంది అంటారు. జాక్సన్ మన ఎనభైల తెలుగు సినిమా మీద ఎంత పనిచేశాడో చెప్పనక్కర్లేదు. ఆ రకంగా పూర్ణా మార్కెట్ దగ్గర వినాయక చవితి పందిట్లో కుర్రాళ్ళు వేసిన స్టెప్పుల్లో కూడా బ్రాడ్వే వాసన కొంచెం ఉంది. ఇక రివేరా దగ్గర బ్యాలే గీత ఉంది, రాబిన్స్ నేర్పిన నటన ఉంది. దాని మీద ఫాసీ పొదుపు వచ్చి చేరింది. నాటకం తెర లేవగానే వచ్చే తొలి పాట వెల్మాదే. మళ్ళీ సత్యభామ ప్రవేశమే.

936 ఆటలు ఆడినా, ఆ ఏటి టోనీల్లో 'షికాగో'కు ఒక్కటీ రాలేదు. చాలావరకు 'ఎ కోరస్ లైన్' ఊడ్చుకుపోయింది. ఆ నాటకం కథ వెనక వరుస డాన్సర్ల బతుకే. ఆ డాన్సర్లు రాత్రిళ్ళు కూర్చుని టేపు రికార్డరు ముందు చెప్పుకున్న సొంత జీవితాలే అందులో మాటలు. తలా ఒక డాలరు తీసుకుని తమ కథల మీద హక్కులు రాసిచ్చారు. దర్శకుడు మైకేల్ బెన్నెట్ తర్వాత వాళ్ళకు లాభాల్లో కొంత వాటా ఇచ్చాడు. ఇవ్వకపోయినా అడిగే దారి వాళ్ళకు లేదు. నర్తకులు ఇచ్చినదానికి ఎంత వెల కట్టారో తెలియాలంటే ఆ డాలరు చాలు. 'షికాగో' మాత్రం 1996లో మళ్ళీ మొదలై, అప్పటినుంచీ బ్రాడ్వేలో ఆడుతూనే ఉంది.

1984లో 'ది రింక్' అనే నాటకానికి రివేరాకు మొదటి టోనీ వచ్చింది. పేరున్న నటి, గాయని లైజా మినెల్లీకి తల్లిగా వేసింది. అప్పటికి వయసు 51.

రెండేళ్ళకు, 1986 ఏప్రిల్‌లో, న్యూయార్క్ వీధిలో ఆమె కారును ఒక టాక్సీ గుద్దింది. ఎడమకాలు 12 చోట్ల విరిగింది. లోహపు స్క్రూలతో బిగించారు. 53 ఏళ్ళ నర్తకికి ఆ వార్త అంటే ఆట ముగిసినట్టే. ఆమె నెలల తరబడి వ్యాయామం చేసి మళ్ళీ నిలబడింది, మళ్ళీ వేదికెక్కింది. ఈ ఘట్టాన్ని పట్టుదల కథగా చెప్పేవాళ్ళు చాలామంది. పట్టుదల ఉంది, నిజమే. కానీ పట్టుదల ఉన్న ప్రతి నర్తకీ తిరిగి రాలేదు. రివేరా రాగలిగిన కారణం వేరే ఉంది. ఆమె పెట్టుబడి అంతా కాళ్ళలో లేదు. పాదం ఎంత ఎత్తుకు లేచింది అన్నదాని మీదే పేరు కట్టుకుని ఉంటే ఆ స్క్రూలతోపాటే పేరూ బిగుసుకుపోయేది. మన మాటల్లో చెప్పాలంటే ఆమె నృత్తాన్ని తగ్గించి అభినయాన్ని పెంచింది. పాదం ఆగినా వీపు, మెడ, చేతివేళ్ళు, చూపు తాళంలోనే ఉండేవి. ఫాసీ దగ్గర నేర్చుకున్న పొదుపు ఇక్కడ పనికొచ్చింది.

1993లో 'కిస్ ఆఫ్ ది స్పైడర్ వుమన్'తో అది అందరికీ కనిపించింది. జైల్లో చిత్రహింసలు పడే ఒక ఖైదీ తలపుల్లో బతికే సినిమా తార, మృత్యువు రూపం కూడా ఆమే. ఆ తార ఎక్కువ గెంతదు. వస్తుంది, నిలబడుతుంది, చుట్టూ మగ డాన్సర్లు తిరుగుతుంటే మధ్యలో చెయ్యి ఒకటి లేపుతుంది. హాల్లో చివరి వరుస దాకా ఆ చెయ్యి చేరాలి. రెండో టోనీ దీనికే, 60 ఏళ్ళ వయసులో. ఆ నాటకానికి నాట్యం కూర్చినవారిలో రాబ్ మార్షల్ ఒకడు. అతని పేరు మళ్ళీ వస్తుంది.

చివరి పెద్ద పాత్ర 2015లో 'ది విజిట్'. తనను మోసం చేసిన ఊరికి ముసలితనంలో కోటీశ్వరురాలిగా తిరిగొచ్చి పగ తీర్చుకునే స్త్రీ. ఆ పాత్రకు ఒక కాలు కృత్రిమం. లోహం బిగించిన కాలున్న నటికి ఆ వేషం పడటం రాసిపెట్టినట్టుంది. అందులో ఆమె తన పడుచు రూపంతో కలిసి ఆడే ఘట్టం ఒకటుంది. పక్కన ఇరవైల్లో ఉన్న అమ్మాయి, ఇటు 82 ఏళ్ళ రివేరా, ఇద్దరిదీ ఒకే నాట్యం. పదో టోనీ నామినేషన్ అదే. 2002లో కళాకారులకు ఇచ్చే కెన్నెడీ సెంటర్ గౌరవం, 2009లో ఒబామా చేతుల మీదుగా అమెరికా అత్యున్నత పౌర పురస్కారం, 2018లో జీవితకాల టోనీ అన్నీ వచ్చాయి. పెద్దవయసు వచ్చాక సన్మానాలు ఎక్కడైనా వరుస కడతాయి, శాలువాలే తేడా.

విశాఖలో కూర్చుని ఆమె నాట్యం చూడాలనుకునేవారికి ఉన్న దారులు తక్కువే. టీవీ ముక్కలు ఉన్నాయి. సినిమాల్లో అయితే ఫాసీ 1969లో తీసిన 'స్వీట్ చారిటీ' ఒకటి. అందులో హీరోయిన్ స్నేహితురాలు నికీగా ఆమె మేడ మీద ఆడుతుంది. రెండోది 2002 నాటి 'షికాగో' సినిమా. దాని దర్శకుడు రాబ్ మార్షల్. వెల్మా వేషం వేసే వయసు రివేరాకు అప్పటికి లేదు, 69 దాటింది. మార్షల్ ఆమెను జైలు సన్నివేశంలో ఒక ఖైదీగా నిలబెట్టాడు. రాక్సీ జైల్లోకి అడుగుపెట్టినప్పుడు కొన్ని క్షణాలు కనిపించి పోతుంది. ఆ ఖైదీకి పెట్టిన పేరు నికీ.